రావులపాలెం నుంచి మారేడుమిల్లి ఘాట్ దాకా సైకిల్ మీద: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో రోడ్డు సైకిల్ తొక్కేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. తెల్లవారుజామున కాలువ గట్ల మీద, బ్యారేజీ మీద, జాతీయ రహదారి అంచున కనిపిస్తారు. చదును నేల మీద గంటకు 30 కిలోమీటర్లు అవలీలగా లాగేవారు కూడా ఘాట్ రోడ్డు మాట ఎత్తగానే సందేహంలో పడతారు. ఆ సందేహాలకు జవాబులు ఇవి. ముందుగా నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. డెల్టా మనిషికి కొండ ఎక్కే శక్తి తక్కువేమీ కాదు. అలవాటు లేనిది దిగడానికి. అందుకే కింద దిగుడు గురించి ఎక్కువ రాశాను.

అసలు ఈ దారి ఏది? ఎంత దూరం?

రావులపాలెంలో మొదలుపెట్టి కాలువ వెంట లొల్ల, ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక చేరాలి. అక్కడ బ్యారేజీ ఎక్కి, పిచ్చుకలంక దాటి ధవళేశ్వరంలో దిగి, రాజమహేంద్రవరం ఊరు దాటితే కోరుకొండ రోడ్డు వస్తుంది. కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి: ఇదీ వరుస. మొత్తం సుమారు 120 కిలోమీటర్లు. మారేడుమిల్లి దాటాక అసలైన ఘాట్ మొదలై, అడవిలోంచి చింతూరు వైపు దిగుతుంది. అది మరో 50 కిలోమీటర్లు.

జాతీయ రహదారి మీద జొన్నాడ, వేమగిరి మీదుగా కూడా రాజమహేంద్రవరం చేరవచ్చు. కానీ లారీల పక్కన తొక్కడం కంటే కాలువ వెంట వెళ్లడం వెయ్యి రెట్లు నయం. పైగా కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో నిలిచిన బ్యారేజీ మీదుగా, రెండు పాయలను సైకిల్ మీద దాటి కొండలకు బయల్దేరడంలో ఒక తృప్తి ఉంది. కొండల మీద కురిసిన వాన మన పొలాల్లోకి వచ్చే దారిని ఎదురెక్కుతున్నామన్న మాట.

డెల్టాలో పుట్టి పెరిగాం, మిట్ట అంటే వంతెనే. ఘాట్ ఎక్కగలమా?

ఎక్కగలరు. కొండ ఎక్కడానికి కావలసింది చాలాసేపు ఒకే తీరుగా, ఆపకుండా, తొందరపడకుండా తొక్కే ఓపిక. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక అమలాపురం వైపు ఎదురుగాలిలో తొక్కినవారికి ఆ ఓపిక ఉంది. ఎదురుగాలి తొక్కడం ఆపనివ్వదు, ఎక్కుడూ అంతే. తేడా ఒక్కటే. గాలిలో వంగి కూర్చుంటే భారం కొంత తగ్గుతుంది, కొండ దగ్గర ఆ ఉపాయం పనిచేయదు. కొండ బరువును చూస్తుంది. మీ బరువు, సైకిల్ బరువు, వీపున మోసే సంచి బరువు, అన్నీ కలిపి పైకి లాగాలి.

లెక్క కావాలంటే ఇదిగో. మనిషి, సైకిల్, సామాను కలిపి 85 కిలోలు అనుకోండి. 100 మీటర్ల ఎత్తుకు వెళ్లడానికి శరీరం సుమారు 80 కిలోక్యాలరీలు ఖర్చు పెడుతుంది. ఇది పెద్ద ఖర్చేమీ కాదు, రెండు ఇడ్లీలు చాలు. మనల్ని పడగొట్టేది మొత్తం ఖర్చు కంటే, దాన్ని ఎంత వేగంగా పెడుతున్నామన్నదే. చదును మీద అలవాటైన వేగాన్ని ఎక్కుడులో కూడా నిలబెట్టుకోవాలని చూసేవారే మొదటి రెండు కిలోమీటర్లలో ఊపిరి పోగొట్టుకుంటారు. గంటకు 8 కిలోమీటర్లతో ఎక్కడం నామోషీ ఏమీ కాదు. ఘాట్‌లో చాలామంది ఎక్కేది ఆ వేగంతోనే.

ఇక్కడే ఉండి సాధన ఎలా చేయాలి?

మూడు పనులు చేయండి. బ్యారేజీ మీద, లేదా గౌతమి వంతెన మీద ఎదురుగాలి ఉన్న వేళ చూసి, బరువైన గేరులో కూర్చున్న చోటు నుంచి లేవకుండా 20 నిమిషాలు తొక్కండి. నిమిషానికి 55, 60 తిప్పులు చాలు. తొడ కండరాలకు ఎక్కుడు ఎలా ఉంటుందో దీనితోనే తెలుస్తుంది.

రెండోది, వారానికి ఒకసారి మెట్ట ప్రాంతానికి వెళ్లండి. రాజమహేంద్రవరం దాటి కోరుకొండ రోడ్డు ఎక్కితే నల్లరేగడి పోయి ఎర్ర నేల వస్తుంది, జీడిమామిడి తోటలు వస్తాయి, రోడ్డు లేచి దిగడం మొదలుపెడుతుంది. చిన్న చిన్న మిట్టలే, కానీ ఒకదాని వెంట ఒకటి. గోకవరం దాకా వెళ్లి వస్తే కాళ్లు గేరు మార్చడం నేర్చుకుంటాయి. డెల్టాలో ఏడాదంతా రెండు గేర్లతోనే బండి నడిపేవారు ఉన్నారు. వారికి ఈ సాధన మరీ అవసరం.

మూడోది బ్రేకు సాధన. దీన్ని ఎవరూ చేయరు. కింద చెబుతాను.

అన్నిటికంటే కష్టం ఎక్కడ?

రాజమహేంద్రవరం దాకా ఏమీ లేదు. గోకవరం దాకా మిట్టలు మాత్రమే. గోకవరం నుంచి రంపచోడవరం దాకా ఉన్న సుమారు 25 కిలోమీటర్లలో కొండలు దగ్గరకు వస్తాయి, రోడ్డు మెల్లగా పైకి వెళుతుంది. చదును అనిపిస్తూనే వేగం తగ్గుతుంది. సైకిల్‌లో ఏదో లోపం ఉందని దిగి చక్రం చూసుకునేవారు ఇక్కడే. లోపం ఏమీ ఉండదు, కంటికి ఆనని వాలు ఉంటుంది. ఇక్కడ శక్తి దాచుకోవాలి.

రంపచోడవరం నుంచి మారేడుమిల్లి సుమారు 27 కిలోమీటర్లు. టేకు, వెదురు, లోయల్లో చిన్న చిన్న వరి మడులు, వాగుల మీద కల్వర్టులు. ఎక్కుడు దిగుడు కలగలిసి ఉంటాయి. ఎండ ఎక్కాక ఈ ముక్క మీద అలసట తెలుస్తుంది, ఎందుకంటే అప్పటికే 90 కిలోమీటర్లు తొక్కి ఉంటారు.

మారేడుమిల్లి దాటాక ఘాట్. హెయిర్‌పిన్ మలుపులు, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, పైన చెట్ల గొడుగు. మలుపు లోపలి అంచున వాలు ఎప్పుడూ ఎక్కువ, బయటి అంచున తక్కువ. ఎక్కేటప్పుడు ఎదురుగా వాహనం లేదని చూసుకుని, మీ ఎడమ వరుసలోనే కొంచెం వెడల్పుగా మలుపు తీసుకుంటే కాలికి ఊరట దొరుకుతుంది. అవతలి వరుసలోకి మాత్రం ఎన్నడూ వెళ్లవద్దు. లారీలు, బస్సులు మలుపు తిరగడానికి రోడ్డు మొత్తం వాడతాయి. హారన్ వినిపిస్తే అంచుకు వచ్చి ఆగండి.

ఎలాంటి సైకిల్, ఎలాంటి గేర్లు కావాలి?

రోడ్డు సైకిల్, హైబ్రిడ్, కొండ సైకిల్ ఏదైనా పనికివస్తుంది. సైకిల్ ధర కంటే వెనుక చక్రం మీద ఉన్న పెద్ద పళ్లచక్రం ముఖ్యం.

ముందు 34 పళ్లు, వెనుక 34 పళ్లు ఉంటే పెడల్ ఒక్క తిప్పుకు చక్రం ఒక్కసారి తిరుగుతుంది, అంటే సుమారు 2.1 మీటర్లు. నిమిషానికి 70 తిప్పులు తిప్పితే గంటకు దాదాపు 9 కిలోమీటర్లు. ఊపిరి అందుతుంది, మోకాలు బతుకుతుంది. అదే పాతకాలపు పందెం సైకిల్‌లో ముందు 39, వెనుక 25 ఉంటే అదే వేగానికి నిమిషానికి 45 తిప్పులే పడతాయి. ప్రతి తిప్పుకూ మోకాలి మీద ఒత్తిడి ఒకటిన్నర రెట్లు. అర గంట సేపు పరవాలేదు అనిపిస్తుంది, మరునాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. కాబట్టి వెనుక కనీసం 32 పళ్లు ఉండేలా చూసుకోండి. రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో మంచి మెకానిక్ ఉంటే క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల కట్ట) మార్పు గంట పని. పొడవు సరిపోకపోతే చెయిన్ కూడా మార్చాలి. డీరెయిలర్ (గేరు మార్చేటప్పుడు చెయిన్‌ను జరిపే అమరిక) అంత పెద్ద చక్రాన్ని మోయగలదో లేదో ముందే అడగండి.

టైర్లు 28 మిల్లీమీటర్లు లేదా అంతకంటే వెడల్పు ఉంటే మేలు. వానల తర్వాత ఘాట్‌లో గుంతలు, కొట్టుకువచ్చిన కంకర ఉంటాయి. సన్నని టైరులో గాలి గట్టిగా కొట్టి వెళితే చేతులు మొద్దుబారతాయి.

గేర్లు లేని మామూలు సైకిల్ మీద వెళ్లవచ్చా?

రంపచోడవరం దాకా వెళ్లవచ్చు. మన్యంలో సామాను వేసుకుని మామూలు సైకిళ్లను నడిపించుకుంటూ మిట్టలెక్కే మనుషులు కనిపిస్తారు, వారిని చూసి ఎవరైనా నేర్చుకోవాలి. ఘాట్ మాత్రం వద్దు. ఎక్కడం సంగతి అలా ఉంచి, కడ్డీ బ్రేకులతో ఆ దిగుడు దిగడం ప్రమాదం.

దిగుడులో అంత భయపడాల్సింది ఏముంది?

భయపడాల్సింది కాదు, తెలుసుకోవాల్సింది ఉంది. డెల్టాలో మనం బ్రేకు పట్టేది గేదె అడ్డం వచ్చినప్పుడు, ఆటో ఆగినప్పుడు. రెండు మూడు సెకన్లు, అంతే. చేతివేళ్లు, బ్రేకులు, బుర్ర, మూడూ దానికే అలవాటు పడ్డాయి. ఘాట్‌లో బ్రేకు మీద నిమిషాలకు నిమిషాలు ఉండాలి.

85 కిలోల బరువు 300 మీటర్లు దిగితే దాదాపు 250 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. కొంత గాలిలో పోతుంది. మిగిలింది బ్రేకుల్లో వేడిగా మారుతుంది. రిమ్ముకు బ్రేకు పట్టే సైకిల్‌లో ఆ వేడి రిమ్ము ద్వారా ట్యూబుకు చేరుతుంది. ఆపకుండా బ్రేకు నొక్కి పట్టుకుని నెమ్మదిగా దిగేవారికే ట్యూబు పేలే అవకాశం ఎక్కువ, విచిత్రంగా అనిపించినా నిజం ఇది. మెల్లగా దిగినప్పుడు గాలి సాయం దొరకదు, వేడంతా బ్రేకు మీదే పడుతుంది. కార్బన్ రిమ్ములతో, రిమ్ము బ్రేకులతో ఈ ఘాట్ దిగకండి. డిస్క్ బ్రేకులైనా ఎర్రబడేదాకా తేవద్దు.

పద్ధతి ఇది. మలుపుకు ముందు, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి వేగం తగ్గించండి. తర్వాత వదిలేయండి. మలుపులో బ్రేకు వద్దు. మలుపు దాటాక కొంచెం పోనిచ్చి, తర్వాతి మలుపుకు ముందు మళ్లీ పట్టండి. పట్టడం, వదలడం. వదిలిన ప్రతిసారీ రిమ్ము చల్లారుతుంది. చేతులు హ్యాండిల్ కింది కొమ్ముల మీద ఉండాలి. అక్కడి నుంచి రెండు వేళ్లతో పట్టినా బలం చాలు, పై నుంచి పడితే నాలుగు వేళ్లూ నొప్పి పుడతాయి. మలుపులో బయటి కాలు కిందికి, లోపలి కాలు పైకి. చూపు చక్రం ముందు ఉండకూడదు, మలుపు ఎటు తిరుగుతుందో అటు ఉండాలి.

వేగం రెట్టింపు అయితే ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లు. 25లో వెళ్లేవారికి ఆగడానికి దూరం దొరికే చోట, 50లో వెళ్లేవారికి దొరకదు. మలుపు అవతల ఏముందో కనబడని చోట, కనబడినంత దూరంలో ఆగగలిగే వేగమే సరైన వేగం. అవతల నిలబడిపోయిన లారీ ఉండవచ్చు, మేకలు ఉండవచ్చు, ఎవరో ఎండబెట్టిన ధాన్యం ఉండవచ్చు.

చెట్ల నీడ ఉన్న మలుపుల్లో మరో సంగతి చూడాలి. ఎండలోంచి నీడలోకి వెళ్లగానే కంటికి రోడ్డు కనబడదు. ఆ నీడలోనే ఎండుటాకులు పరుచుకుని ఉంటాయి, వాటి కింద తడి ఉంటుంది. శీతాకాలంలో ఉదయం పది దాకా ఆ తడి ఆరదు. ఆకుల మీద టైరు పడితే జారిపోవడానికి క్షణం చాలు. నల్ల కళ్లద్దాలు ఘాట్‌లో తీసేయండి, తెల్లవి పెట్టుకోండి.

ఇంటి దగ్గరే సాధన కావాలంటే, రద్దీలేని వంతెన దిగుడు ఒకటి చూసుకోండి. ఒక గీత అనుకుని, దాని దగ్గర ఆగేలా రకరకాల వేగాల నుంచి బ్రేకు పట్టి చూడండి. ముందు బ్రేకు ఎంత బలమైనదో, వెనుక చక్రం ఎప్పుడు జారుతుందో చేతికి తెలుస్తుంది. బయల్దేరే ముందు బ్రేకు బూట్లు చూసుకోండి. గీతలు అరిగి కనబడకుండా పోతే, కొత్తవి వేయించుకోకుండా బండి కదపవద్దు.

ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

ఆడాక్స్ పద్ధతిలో, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాల్లో, 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు గడువు. ఆ గడువులు అలవాటైనవారు 240 కిలోమీటర్లు ఒక్క రోజులో లాగాలని చూస్తారు. కాళ్లు సహకరించవచ్చు, కానీ తిరుగు ప్రయాణంలో గోకవరం రోడ్డు మీద చీకటి పడుతుంది. కనీసం రెండు రోజులు పెట్టుకోండి. మూడు రోజులైతే ఇలా: మొదటి రోజు మారేడుమిల్లి, రెండో రోజు పొద్దున సామాను గదిలో వదిలేసి ఘాట్ ఎక్కి దిగి, మధ్యాహ్నం రంపచోడవరం దాకా వెనక్కి. మూడో రోజు ఇల్లు. ఇలా మూడు రోజులు దొరికితే అంతకంటే మేలు లేదు.

సమయం తక్కువ ఉంటే రాజమహేంద్రవరం దాకా రైల్లో వచ్చి అక్కడి నుంచి మొదలుపెట్టండి. సైకిల్‌ను లగేజీగా పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి.

ఏ నెలల్లో వెళ్లాలి?

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం కాబట్టి వాతావరణ సమాచారం చూసుకుని బయల్దేరండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండ పచ్చగా, అందంగా ఉంటుంది. జలపాతాలూ అప్పుడే. కానీ వాగులు కల్వర్టుల మీదుగా పొర్లుతాయి, కొండచరియలు రోడ్డు మీదకు జారతాయి. పొర్లే వాగును సైకిల్ ఎత్తుకుని దాటే సాహసం ఎవరూ చేయవద్దు. మోకాలి లోతు కొండవాగు మనిషిని పడదోస్తుంది. మార్చి తర్వాత ఎండ. మే నెలలో వద్దే వద్దు.

కార్తిక మాసంలో ఆదివారాలు వనభోజనాల వారి కార్లు, బస్సులతో రంప జలపాతం, మారేడుమిల్లి కిటకిటలాడతాయి. సంక్రాంతి మూడు రోజులూ అంతే. వారం మధ్యలో వెళితే రోడ్డంతా మీ సొంతం అన్నట్టు ఉంటుంది.

ఘాట్ దిగి చింతూరు, భద్రాచలం దాకా వెళితే ఎలా ఉంటుంది?

బాగుంటుంది, అనుభవం ఉన్నవారికి. ఘాట్ దిగి తులసిపాక దాటి చింతూరు చేరితే శబరి నది పలకరిస్తుంది. అక్కడి నుంచి భద్రాచలం 60 కిలోమీటర్లకు పైగా. ఆ రోజు దిగుడు ఎక్కువ, జనావాసం తక్కువ. మధ్యలో వెనక్కి తిరగాలంటే ఘాట్ మొత్తం మళ్లీ ఎక్కాలి, కాబట్టి మారేడుమిల్లిలోనే మనసు నిశ్చయించుకోవాలి. వానాకాలంలో గోదావరికి వరద వస్తే శబరి వెనక్కి తన్ని చింతూరు చుట్టుపక్కల రోడ్లు మునుగుతాయి. అప్పుడు అటు చూడవద్దు.

గుడిసె కొండకు, పుల్లంగి వైపు ఊళ్లకు సైకిల్ వెళుతుందా?

మారేడుమిల్లి నుంచి పుల్లంగి దారిలో వెళితే కొండ మీది ఊళ్లు, ఆ పైన గుడిసె గడ్డి మైదానం. పొద్దున మంచు మేఘాలు కాళ్ల కింద తేలడం చూడటానికి జనం జీపుల్లో వెళతారు. ఎక్కుడు చాలా నిట్టనిలువు, పైభాగంలో రాళ్ల దారి. సన్నని టైర్ల రోడ్డు సైకిల్‌కు అది పనికిరాదు. కొండ సైకిల్ ఉన్నవారు కూడా చాలా చోట్ల దిగి నడపాలి. పుల్లంగి దాకా వెళ్లి వెనుదిరిగినా ఆ రోజు వృథా పోదు. నా మాట అడిగితే, మొదటిసారి వచ్చినవారు ఘాట్ ఒక్కటే పెట్టుకోవాలి.

నీళ్లు, తిండి?

డెల్టాలో చింత లేదు. రావులపాలెం అరటిపళ్ల ఊరు, నాలుగు పళ్లు జేబులో వేసుకోండి. ఆత్రేయపురంలో పూతరేకులు కొంటే చాలా జాగ్రత్తగా తీసుకెళ్లాలి, గోకవరం చేరేసరికి పొడి అయిపోతాయి. తిరుగు ప్రయాణంలో కొనడమే తెలివి. కొబ్బరి బొండాలు రాజమహేంద్రవరం దాకా అడుగడుగునా దొరుకుతాయి, తర్వాత తగ్గిపోతాయి.

గోకవరంలో టిఫిను, రంపచోడవరంలో భోజనం. ఘాట్ మొదలయ్యే ముందు మారేడుమిల్లిలో రెండు సీసాలూ నింపుకోండి. ఒక దాంట్లో ఉప్పు, పంచదార, నిమ్మరసం కలపండి. ఘాట్‌లో దుకాణాలు అరుదు. కోతులు మాత్రం ఉంటాయి, సంచి విప్పి తినడానికి కూర్చునే ముందు చుట్టూ చూడండి. వాగు నీళ్లు ఎంత తేటగా కనిపించినా తాగకండి.

మారేడుమిల్లి పేరు చెప్పగానే అందరూ అడిగేది బొంగు చికెన్. పచ్చి వెదురు బొంగును ఒక కణుపు అడుగున ఉండేలా కోస్తారు. మసాలా పట్టించిన కోడి ముక్కలు అందులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె పడదు. వెదురులోని తడికే ముక్క ఉడుకుతుంది. బొంగు పైన నల్లబడుతుంటే లోపల బుసబుస మని చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు తగ్గాక దించి ఆకులోకి వంపుతారు. తొక్కడం అయిపోయాక, సాయంత్రం తినండి. ఘాట్ ఎక్కే ముందు కారం, మాంసం వద్దు.

బస ఎక్కడ?

మారేడుమిల్లిలో అటవీ శాఖ పర్యావరణ పర్యాటక కేంద్రం కుటీరాలు, పర్యాటక శాఖ గదులు, ప్రైవేటు వసతులు ఉన్నాయి. శని, ఆదివారాలకు ముందుగా బుక్ చేసుకోవాలి. సైకిల్ గదిలో పెట్టుకోనిస్తారా అని అప్పుడే అడగండి. రంపచోడవరంలో మామూలు లాడ్జీలు ఉంటాయి.

దారిలో సైకిల్ చెడిపోతే?

గోకవరం దాటాక రోడ్డు సైకిళ్లు బాగుచేసే దుకాణం దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. రెండు ట్యూబులు, అతుకుల సామాను, పంపు, చెయిన్ విప్పే పనిముట్టు, చెయిన్ లింకు, ఒక జత బ్రేకు బూట్లు, అలెన్ కీలు: ఇవి ఉండాలి. ఒక పాత టైరు ముక్క కూడా పెట్టుకోండి. టైరు చీలితే లోపల అడ్డం పెట్టి ఊరు చేరవచ్చు.

బొత్తిగా కదలకపోతే ఆర్టీసీ బస్సు ఉంది. రాజమహేంద్రవరంలో ఏజెన్సీ బస్సులు బయల్దేరే చోటిని గోకవరం బస్టాండు అనే అంటారు. సైకిల్ ఎక్కించడం కండక్టరు దయ మీద, బస్సులో ఖాళీ మీద ఆధారపడుతుంది. సరుకు దింపి ఖాళీగా వెళ్లే వ్యానులు కూడా ఆపితే ఆగుతాయి.

ఫోను పనిచేస్తుందా?

మారేడుమిల్లి ఊళ్లో పనిచేస్తుంది. ఘాట్‌లో చాలా భాగం సిగ్నలు ఉండదు. దారి పటం ముందే ఫోనులో దించుకోండి. ఎన్ని గంటలకు ఘాట్‌లోకి వెళ్లారో, ఎన్ని గంటలకు తిరిగి రావాలో బస చేసిన చోట ఒకరికి చెప్పి వెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి, కనీసం ఇద్దరు ఉండాలి. వెనుక ఎర్ర లైటు పగలు కూడా వెలగనివ్వండి. చీకటి పడ్డాక ఘాట్‌లో ఉండకూడదు. సూర్యాస్తమయానికి గంట ముందే బయటపడేలా లెక్క వేసుకోండి, కొండ నీడలో చీకటి త్వరగా కమ్ముతుంది.

దోమలు, జ్వరాల సంగతి?

మన్యంలో మలేరియా ఉంది, దీన్ని తేలికగా తీసుకోవద్దు. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, దోమల మందు, దోమతెర. తిరిగి వచ్చాక కొన్ని వారాల లోపల చలిజ్వరం వస్తే, మన్యం వెళ్లివచ్చిన సంగతి డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. ప్రయాణం బడలిక అనుకుని మాత్ర వేసుకుని పడుకోవడం ప్రమాదం.

కొండ ఊళ్లలో ఎలా మెలగాలి?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ, అందరూ అడగాల్సినది. మనకు ఇది సైకిల్ దారి, వారికి ఇది ఇంటి ముందరి రోడ్డు. కొండరెడ్లు, కోయలు, వాల్మీకులు ఇక్కడ తరాలుగా బతుకుతున్నారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు వ్యవసాయానికి, అడవిలో తిరగడానికి అడ్డుపడింది. ఘాట్ రోడ్ల పనికి కూలి ఇవ్వకుండా, ఇచ్చినా అరకొరగా ఇచ్చి గిరిజనులతో వెట్టి చేయించారు. ఆ కడుపుమంటే 1922లో అల్లూరి సీతారామరాజు వెనుక జనాన్ని నిలబెట్టింది. ఆ ఏడాది ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుస దాడులు జరిగాయి. తర్వాత అడ్డతీగల స్టేషను. రంపచోడవరంలో ఎడమకు కాక కుడికి తిరిగితే ఆ ఊళ్ల దారే. మన్యంలో రోడ్డు అంటే ఎవరి చెమటో తెలిసి తొక్కితే, తొక్కే తీరు మారుతుంది.

చేయాల్సినవి చిన్నవే. అడగకుండా మనుషులను, ఇళ్లను ఫొటోలు తీయవద్దు. పిల్లలకు చాక్లెట్లు విసరవద్దు. పెద్దవారు కనిపిస్తే దిగి పలకరించండి. "అమ్మా, ఈ దారి ఎటు వెళుతుంది?" అంటే ఎవరైనా నిలబడి చెబుతారు. చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, తేనె రోడ్డు పక్కన అమ్ముతుంటే బేరం ఆడకుండా కొనండి. మీరు పడేసిన ప్లాస్టిక్ రేపరు అక్కడి వాగులో పడి, చివరికి మన కాలువకే వస్తుంది.

వచ్చిన దారినే తిరిగి రావాలా?

అక్కరలేదు. మూడో రోజు ఓపిక ఉంటే రంపచోడవరం నుంచి అడ్డతీగల వెళ్లి, అక్కడి నుంచి ఏలేశ్వరం దిగండి. అడవి, వాగులు, మిట్టలు, బండ్ల రద్దీ తక్కువ. ఏలేరు జలాశయం దగ్గర మైదానం మొదలవుతుంది. తర్వాత పెద్దాపురం, సామర్లకోట మీదుగా కెనాల్ రోడ్డు పట్టుకుంటే బిక్కవోలు, అనపర్తి, ద్వారపూడి, కడియం వరసగా వస్తాయి. కడియపులంక నర్సరీల మధ్య సాయంత్రం వేళ రోడ్డు మీద మొక్కల లారీలు ఎక్కువ, అంచున జాగ్రత్త. ఈ చుట్టు తిరుగుడుకు దూరం పెరుగుతుంది, కాబట్టి సామర్లకోటలో రైలు ఎక్కే అవకాశం ఉంచుకుని బయల్దేరండి.

పదహారేళ్ల అబ్బాయి వస్తానంటున్నాడు, తీసుకెళ్లవచ్చా?

రంపచోడవరం దాకా నిరభ్యంతరంగా. ఘాట్‌కు తీసుకెళ్లాలంటే, మైదానంలో 100 కిలోమీటర్లు తొక్కి మరునాడు మామూలుగా ఉండగలగాలి, బ్రేకు సాధన చేసి ఉండాలి, దిగుడులో పెద్దవారి వెనుకే ఉంటానని మాట ఇవ్వాలి. ఆ మూడోది పట్టుబట్టి అడగండి. ఎక్కేటప్పుడు అతడే ముందు వెళతాడు, వెళ్లనివ్వండి. దిగేటప్పుడు మాత్రం ముందు మీరు ఉండాలి.